కాన్పు గదిలో బొడ్డు రక్తం బేరాలు ఆపండి: మన సీమ డాక్టర్లకు, అధికారులకు ఒక పెద్దమ్మ బహిరంగ లేఖ

కర్నూలు, అనంతపురం, కడప వైపు కాన్పులు చేసే డాక్టరమ్మలకు, డాక్టర్లకు, నర్సింగ్ హోమ్‌లు నడిపే వాళ్ళకు, మన జిల్లాల వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు,

నమస్కారం. మా ఇళ్ళల్లో పుట్టే ప్రతి బిడ్డా ముందు మీ చేతుల్లో పడి తర్వాతే మా చేతుల్లోకి వస్తాది, ఆ గౌరవం మాకు ఎప్పటికీ ఉంటాది. ఇంక విషయానికి వస్తా.

నేను అనంతపురంలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ని. ఈ లేఖ మా చెల్లెలి కొడుకు గురించి, వాడు పుట్టేటప్పుడు ఒక కంపెనీ మాకు అమ్మిన బొడ్డు రక్తం దాచే స్కీమ్ గురించి. పోయిన ఏడాదిన్నరగా ఇదే విషయం మీద కాన్పు అయిన ఆస్పత్రికి పోయి అడిగినాం, కంపెనీకి మెయిల్ పెట్టినాం, ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చినాం, మాకు సంబంధం లేదు అంటే ఇంకో ఆఫీసులో ఇచ్చినాం. ఆస్పత్రి వాళ్ళు "మేమేం బలవంతం చేయలేదు కదమ్మా" అన్నారు. కంపెనీ వాళ్ళు మా మరిది సంతకం పెట్టిన అగ్రిమెంట్ పేజీ ఫోటో తీసి పంపినారు. రెండో ఆఫీసు నుంచి మూడు వారాలకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కారమైంది అని. ఏం పరిష్కారమైందో చెప్పినోళ్ళు లేరు, మమ్మల్ని పిలిచి అడిగినోళ్ళు కూడా లేరు. అందుకే అందరూ చదివేటట్టు ఇట్ల రాస్తాండా. ఆ ఆస్పత్రి పేరు, కంపెనీ పేరు రాయడం లేదు, మాకు కావాల్సింది ఒకరి పరువు తీయడం కాదు, మీ ఓపీ హాళ్ళల్లో జరిగేది మారడం.

జరిగింది చెప్తా.

2019లో మా చెల్లెలికి తొలి కాన్పు. మేనరికం పెళ్ళి, మా మేనమామ కొడుకే, ప్రొద్దుటూరు. కాన్పు పుట్టింట్లోనే అని ముందే అనుకున్నాం కాబట్టి మొదటి నుంచి అనంతపురంలోనే చూపించుకుంటా ఉండింది. అయిదో నెల స్కానింగ్ అయిన వారానికే ఫోన్లు మొదలైనాయి. మా చెల్లెలి పేరు, ఎన్నో నెల, ఏ డాక్టర్ దగ్గర చూపించుకుంటాంది, అన్నీ వాళ్ళకు తెలుసు. నంబర్ ఎవరిచ్చినారో మాత్రం ఈరోజుకీ తెలీదు. తర్వాత చెకప్‌కు పోతే ఓపీ హాల్లోనే ఒక టేబుల్, దాని మీద నవ్వే పాపాయి బొమ్మ ఉన్న ఫైల్, మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒక అమ్మాయి. ఆ అమ్మాయిని మేం ఆస్పత్రి మనిషే అనుకున్నాం. కాన్పు కాగానే బొడ్డుతాడులో, మాయలో మిగిలే రక్తాన్ని పారేస్తారంట, అందులో కొత్త రక్తం తయారు చేసే మూలకణాలు ఉంటాయంట, దాన్ని దాచిపెడితే రేపు మీ బిడ్డకు రక్త క్యాన్సర్ వచ్చినా, తలసీమియా వచ్చినా, 80 రకాల జబ్బులు వచ్చినా అదే మందు అని చెప్పింది. కాన్పు రోజు దాటిపోతే కోట్లు పెట్టినా మళ్ళీ దొరకదు అంది. డాక్టర్ మేడం మీతో మాట్లాడమన్నారు అని కూడా అంది. లోపలికి పోయి మేడంను అడిగితే, తల ఎత్తకుండా ప్రిస్క్రిప్షన్ రాస్తానే, "మంచిదే, మీ ఇష్టం" అన్నారు. ఆ రెండు మాటలతోనే మా ఇంట్లో అందరూ సరే అనుకున్నారు.

65 వేలు. ముందు 20 వేలు, మిగతాది నెలనెలా కట్టేది. ఆ ఏడు మా నాయనకు చెనిక్కాయ పంట అంతంత మాత్రం. మా చెల్లెలు కమ్మలు కుదువ పెట్టింది. ఆగస్టులో మగపిల్లోడు పుట్టినాడు, కంపెనీ వాళ్ళు ఇచ్చిన కిట్ బాక్సు కాన్పు గదిలోకి పోయింది, రక్తం సంచిలో పట్టుకుని కొరియర్ మనిషి ఎత్తుకుని పోయినాడు. రెండు నెలలకు సర్టిఫికెట్ వచ్చింది. మా మరిది దానికి లామినేషన్ చేయించి బీరువాలో ఇంటి పత్రాల పక్కన పెట్టినాడు.

తొమ్మిది నెలలకు, 2020 మే, లాక్‌డౌన్ రోజులు. పిల్లోడు తెల్లగా పాలిపోయి, పాలు సరిగ్గా తాగక, కడుపు ఉబ్బి ఉంటే చూపిస్తే హిమోగ్లోబిన్ 4 ఉంది. తలసీమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాని జబ్బు అని తేలింది. ఇంక జీవితాంతం మూడు నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి అని చెప్పినారు. మా అమ్మ కూలబడిపోయింది గానీ మా చెల్లెలు ఏడవలేదు. బీరువా తీసి ఆ సర్టిఫికెట్ బయటికి తీసింది. "దీనికోసమే కదా అక్కా దాచింది" అనింది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

రైళ్ళు లేకపోతే కారు మాట్లాడుకుని వేలూరు పోయినాం. అక్కడ డాక్టరు ఆ కాగితం చూసి, కొంచెంసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, నిదానంగా చెప్పినారు. అమ్మా, ఇది వాని రక్తమే కదా, తలసీమియా పుట్టుకతో జన్యువుల్లో వచ్చే జబ్బు, వాని ఒంట్లో ఏ లోపం ఉందో ఆ సంచిలో కూడా అదే లోపం ఉంది, ఎక్కించినా మళ్ళీ ఆ జబ్బు రక్తమే తయారవుతాది, ఇది వీనికి పనికిరాదు అని. వీనికి కావాల్సింది జబ్బు లేని, సరిగ్గా మ్యాచ్ అయ్యే ఇంకొకరి మూలకణాలు, సొంత అన్నో తమ్ముడో చెల్లెలో అయితే అన్నిటికంటే మంచిది అన్నారు. అప్పుడు మా చెల్లెలు ఏడ్చింది.

ఇక్కడితో అయిపోతే మా ఒక్క ఇంటి మోసపోయిన కథ అని ఊరుకునేవాళ్ళం. అసలు బాధ తర్వాత ఉంది. 2022లో మా చెల్లెలు రెండోసారి నీళ్ళోసుకుంది. బెంగళూరు పోయి మూడో నెలలోనే కడుపులో బిడ్డకు టెస్టు చేయించుకున్నాం, జబ్బు లేదు అన్నారు. నవంబర్‌లో ఆడపిల్ల పుట్టింది, ఈసారి వేరే ఆస్పత్రి. అప్పుడు ఎవ్వరూ బొడ్డు రక్తం మాటే ఎత్తలేదు. మేం ఒకసారి దెబ్బ తిన్నాం కాబట్టి మేమూ అడగలేదు, ఆ పేరు ఇంట్లో ఎత్తితేనే మా మరిదికి కోపం. కేస్ షీట్‌లో మొదటి బిడ్డకు తలసీమియా అని రాసే ఉంది. 2024లో పిల్లలిద్దరికీ హెచ్ఎల్ఏ మ్యాచింగ్, అంటే ఒకరి మూలకణాలు ఇంకొకరి ఒంటికి సరిపోతాయా అని చూసే టెస్టు చేయిస్తే పాప అన్నకు పూర్తిగా మ్యాచ్ అయింది. డాక్టరు అడిగిన మొదటి మాట: "రెండో కాన్పులో కార్డ్ బ్లడ్ దాచినారా?"

దాచాల్సిన కాన్పు అదంట.

లెక్కల టీచర్ని కాబట్టి ఈ లెక్క మీకు చెప్పాలి. అమ్మానాన్న ఇద్దరూ తలసీమియా క్యారియర్లు (తమకు జబ్బు లేకున్నా ఆ లోపం ఉన్న జన్యువును మోసేవాళ్ళు) అయితే ప్రతి కాన్పులో జబ్బు లేని బిడ్డ పుట్టే అవకాశం నాలుగులో మూడు. ఆ బిడ్డ పెద్ద బిడ్డకు పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగులో ఒకటి. రెండూ కలిసి రావాలంటే పదహారులో మూడు. ఆ పదహారులో మూడు మా ఇంటికి వచ్చింది, వచ్చిన రోజు ఆ రక్తాన్ని చెత్తబుట్టలో పడేసినాం. ఆ ఒక్క సంచి సరిపోయి ఉండేదా, దానికి తోడు మజ్జ (ఎముకల లోపల మూలకణాలు ఉండే గుజ్జు) కూడా కావాల్సి వచ్చేదా, అది డాక్టర్లే చెప్పాలి, నేను చెప్పలేను. కానీ ఇప్పుడు ఆ చిన్నదానికి మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి మజ్జ తీయాలి అంటాంటే ఇంట్లో ఎవరికీ అన్నం సహించడం లేదు.

పనికిరాని కాన్పులో వెంటపడి వెంటపడి అమ్మినారు, పనికొచ్చే కాన్పులో ఒక్క మాట చెప్పలేదు. ఎందుకిట్ల జరిగింది? మొదటిసారి మాకు చెప్పింది అమ్మే మనిషి. రెండోసారి చెప్పాల్సింది డాక్టరు. నా లేఖ అంతా ఈ ఒక్క విషయం మీదే.

తర్వాత కూర్చుని చదివినా, తెలిసిన డాక్టర్లను అడిగినా. నాకు అర్థమైనవి, మీకు నాకంటే బాగా తెలిసినవే, అయినా జనం కోసం రాస్తాండా.

బొడ్డు రక్తం ఉత్తదేం కాదు. 1988లో పారిస్‌లో మొదటిసారి దీన్ని ఎక్కించినారు, ఫాంకోని అనీమియా అనే జబ్బు ఉన్న అయిదేళ్ళ పిల్లోడికి, వాని చెల్లెలు పుట్టినప్పుడు తీసిన బొడ్డు రక్తంతో. బాగైనాడు. చూడండి, అక్కడ కూడా చెల్లెలిదే, వాని సొంతది కాదు. ఆ తర్వాత న్యూయార్క్‌లో జనం దానంగా ఇచ్చే పబ్లిక్ బ్యాంకు పెట్టినారు, అట్ల ప్రపంచమంతా వేల మందికి ఎక్కించినారు. ఏజెంట్ అమ్మాయి చెప్పిన 80 జబ్బుల లిస్టు అబద్ధం కాదు, కానీ ఆ లిస్టులో ఎక్కువ భాగం వేరే వాళ్ళ బొడ్డు రక్తంతో చేసే వైద్యం. ఎవరిది వాళ్ళకే దాచుకునే స్కీమ్ అమ్మేటప్పుడు ఆ లిస్టు చూపించడం న్యాయం కాదు. తలసీమియా సంగతి పైన చెప్పినా. రక్త క్యాన్సర్‌లో కూడా చానా మంది పిల్లలకు ఆ లోపం పుట్టేటప్పటికే రక్తంలో ఉండొచ్చు కాబట్టి సొంత రక్తం ఎక్కించరు.

మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్‌లోనే స్పష్టంగా రాసినారు, ముందు ముందు సొంతానికి పనికొస్తాదని బొడ్డు రక్తం దాచడానికి సైంటిఫిక్ ఆధారం లేదు అని. ఇంట్లో ఇప్పటికే ఇట్లాంటి జబ్బు ఉన్న పెద్ద బిడ్డ ఉండి, తల్లి మళ్ళీ గర్భంతో ఉంటే మాత్రం దాచడం మంచిది అని కూడా రాసినారు. అంటే 2019లో మాకు వద్దని చెప్పాల్సింది, 2022లో కావాలని చెప్పాల్సింది. రెండూ అప్పటికే కాగితం మీద ఉన్నాయి. 2018లో పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు లెక్క కూడా ఇచ్చినారు, మొదటి ఇరవై ఏళ్ళలో ఒక బిడ్డకు తన సొంత బొడ్డు రక్తం అవసరం పడే అవకాశం 2,500 మందిలో ఒకరి నుంచి 2 లక్షల మందిలో ఒకరి దాకా అని. 2,500 ఇళ్ళు 65 వేలు చొప్పున కడితే 16 కోట్ల 25 లక్షలు. అన్నిటికంటే మంచి లెక్కలో ఆ డబ్బుకు ఒక్క బిడ్డ. ఇంకో చివర లెక్క తీసుకుంటే 1,300 కోట్లకు ఒక్క బిడ్డ. నా దగ్గర తొమ్మిదో తరగతి పిల్లోళ్ళకు ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే వాళ్ళే, "టీచర్, ఇది ఎవరూ ముందు చెప్పలేదా?" అని అడిగినారు.

ఇంకొక మాట, లైసెన్స్ గురించి. మాకు లైసెన్స్ కాపీ చూపించి గవర్నమెంట్ ఒప్పుకున్నదే అన్నారు. నిజమే, 2011 చివర్లో డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్ సవరించి బొడ్డు రక్తం బ్యాంకులకు లైసెన్స్ తప్పనిసరి చేసినారు. కానీ ఆ లైసెన్స్ చెప్పేది రక్తం సరిగ్గా టెస్టు చేసి, మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో పద్ధతిగా దాస్తారు అని. అది మీ బిడ్డకు పనికొస్తాది అని లైసెన్స్ చెప్పదు. చదువుకున్న నేనే అప్పుడు ఈ తేడా పట్టుకోలేకపోయినా, ఇంక ఊర్లల్లో వాళ్ళ సంగతి ఏం చెప్పాల?

తాయెత్తు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతాంది. మన పెద్దోళ్ళు బొడ్డు ఊడినాక ఎండబెట్టి తాయెత్తులో పెట్టి నడుముకు కట్టేది దీనికోసమే, వాళ్ళకు మూలకణాల సంగతి అప్పుడే తెలుసు అని. మా జేజి నాకూ మా చెల్లెలికీ అట్లనే కట్టింది. ఓపీ హాల్లో ఆ మాట వినగానే మా అమ్మ కళ్ళు మెరిసినాయి, సగం అమ్మకం అక్కడే అయిపోయింది. ఎండిపోయిన బొడ్డులో బతికున్న కణం ఒక్కటి కూడా ఉండదు. మా జేజి అది దిష్టి తగలకూడదని, బిడ్డ మీద ప్రేమతో కట్టింది. ఆ ప్రేమను వ్యాపారానికి వాడుకోవద్దని చెప్పగలిగింది మీరే, తెల్లకోటు వేసుకున్న మనిషి చెప్తే మా అమ్మ వింటాది.

దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతాందంటే:

1. డబ్బు. 65 వేలు అంటే కూలి పని చేసుకునే ఇంటికి ఏడాది తిండి. గర్భంతో ఉన్నప్పుడు భయపెడితే ఏ తల్లి అయినా కుదువ పెట్టి తెస్తాది, వద్దు అంటే బిడ్డ మీద ప్రేమ లేదేమో అనిపిస్తాది ఆ మనిషికి. భర్త వద్దంటే అత్తగారింట్లో గొడవ. మాకు తెలిసిన ఒక ఇంట్లో సగం కట్టి ఆపేస్తే నోటీసులు వచ్చినాయి, కట్టిన సగమూ పోయింది.

2. తప్పుడు ధైర్యం. ఇది డబ్బు కంటే ఎక్కువ నష్టం. దాచినాం కదా అని మా వాళ్ళు క్యారియర్ టెస్టు మాటే ఎత్తలేదు. మేనరికం పెళ్ళి అని కేస్ షీట్‌లో ఉంది, అమ్మే మనిషి కూడా తలసీమియా పేరు చెప్పింది, అయినా తల్లికి మూడో నెలలో హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ టెస్టు (క్యారియరా కాదా తేల్చే రక్త పరీక్ష) ఒకటి చేసి, ఆమె క్యారియర్ అయితే భర్తకూ చేయాలి అని ఎవరూ చెప్పలేదు. ఆ టెస్టుకు అయ్యేది 65 వేలల్లో ఎన్నో వంతు? మన దేశంలో ఏటా దాదాపు 10 వేల మంది పిల్లలు తలసీమియా మేజర్‌తో పుడతారని అంటారు. మన సీమలో మేనరికాలు ఎంత ఎక్కువో మీకు చెప్పాల్సిన పని లేదు.

3. రక్తం కోసం తిరుగుడు. మూడు వారాలకు ఒకసారి అంటే ఏడాదికి పదిహేడు సార్లు. లాక్‌డౌన్‌లో దాతలు లేక మా మరిది ఫ్రెండ్స్‌ను ఒక్కొక్కరిని బండి మీద ఎక్కించుకుని పోయినాడు. ఎండాకాలం కాలేజీలకు సెలవులు ఇస్తే ఇప్పటికీ అదే పరిస్థితి. రక్తం ఎక్కించే కొద్దీ ఒంట్లో ఐరన్ పేరుకుంటాది, అది గుండెకు, లివర్‌కు పట్టకుండా రోజూ మాత్ర, నెలనెలా టెస్టులు. పిల్లోడు బడికి సగం రోజులే పోతాండాడు.

4. పుట్టిన బిడ్డకు అందాల్సిన రక్తం. ఇది మీరే మాకు చెప్పాల్సిన విషయం. బిడ్డ బయటికి వచ్చినాక బొడ్డుతాడు వెంటనే బిగించకుండా ఆగితే, మూడు నిమిషాల్లో 80 నుంచి 100 మిల్లీలీటర్ల దాకా రక్తం మాయ నుంచి బిడ్డకు పోతాది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం ఒక నిమిషం ఆగమంటాది, మన ప్రభుత్వం 2018లో పెట్టిన అనీమియా ముక్త్ భారత్‌లో మూడు నిమిషాలు ఆగమని ఉంది. దేశంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత అని 2019-21 నేషనల్ ఫ్యామిలీ హెల్త్ సర్వే చెప్తాంది. ఎక్కువసేపు ఆగితే సంచిలోకి వచ్చే రక్తం తగ్గిపోతాది. సంచి నిండాలని చూసే మనిషి అవసరం ఒకటి, బిడ్డ అవసరం ఇంకొకటి. మా పిల్లోడికి ఎన్ని నిమిషాలకు బిగించినారో కేస్ షీట్‌లో లేదు, అడిగితే చెప్పినోళ్ళూ లేరు.

5. దానం చేద్దామన్నా దారి లేకపోవడం. పబ్లిక్ బ్యాంకు అంటే తల్లి ఒక్క రూపాయి కట్టాల్సిన పని లేదు, ఆ రక్తం ఎవరికి మ్యాచ్ అయితే వాళ్ళకు పోతాది. బొడ్డు రక్తానికి మ్యాచింగ్ మజ్జకు కావాల్సినంత కచ్చితంగా లేకపోయినా ఒప్పుకుంటారు కాబట్టి దాత దొరకని పిల్లలకు అది ఆశ. కానీ ముందే ఒప్పందం ఉన్న ఆస్పత్రిలోనే తీయాలి, రెండు రోజుల్లోపల ల్యాబుకు చేరాలి. రెండో కాన్పు అయినాక మేం ఇక్కడ అడిగిన ఏ ఆస్పత్రిలోనూ ఆ ఏర్పాటు లేదు. డబ్బు కట్టి దాచుకోవడానికి టేబుల్ ఉంది, ఉచితంగా ఇచ్చేదానికి టేబుల్ లేదు. ఇప్పుడు కొన్ని చోట్ల అందరివీ కలిపి ఒక పూల్, మీకు కావాలంటే అందులో నుంచి ఇస్తాం అని కూడా అమ్ముతాండారంట. వేరే వాళ్ళ బిడ్డ రక్తమే పనికొస్తాది అని వాళ్ళే ఒప్పుకున్నట్టు కదా అది. అట్లయితే డబ్బున్న వాళ్ళకే ఎందుకు, రిమ్స్ లాంటి సర్కారు ఆస్పత్రిలో కాన్పు అయ్యే తల్లికీ, ఆమె బిడ్డకూ ఎందుకు కాదు?

అందుకని మా డిమాండ్లు ఇవి. అడుక్కోవడం కాదు, మర్యాదగా గట్టిగా అడుగుతాండాం.

1. ఓపీ హాళ్ళల్లో, స్కానింగ్ సెంటర్లలో బొడ్డు రక్తం కంపెనీల టేబుళ్ళు, మనుషులు ఉండకూడదు. గర్భిణీల ఫోన్ నంబర్లు బయటికి ఇవ్వకూడదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకు చట్టమే వచ్చింది. నంబర్ ఎవరిస్తాండారో ప్రతి ఆస్పత్రి తన రిసెప్షన్‌లో ముందు కనుక్కోవాలి.

2. కంపెనీల నుంచి మీ ఆస్పత్రికి, మీకు, మీ స్టాఫ్‌కు రూపాయి కూడా రాదని బోర్డు పెట్టండి. మా డాక్టర్ తీసుకున్నారని నేను అనడం లేదు, నాకు తెలీదు. కానీ 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో 6.4 కింద పేషెంట్‌ను పంపినందుకు కమీషన్ తీసుకోవడం తప్పు అని ఉంది. తీసుకోని వాళ్ళకు ఆ బోర్డు పెట్టడంలో ఇబ్బంది ఉండదు.

3. అయిదో నెల లోపల ప్రతి గర్భిణికీ తెలుగులో ఒక్క పేజీ కాగితం ఇవ్వండి. ఐసీఎంఆర్ ఏం చెప్పింది, సొంతానికి పనికొచ్చే అవకాశం ఎంత, జన్యు జబ్బులకు సొంతది ఎందుకు పనికిరాదు, ఎవరు మాత్రం దాచాలి. చదవడం రాని వాళ్ళకు ఏఎన్ఎం, ఆశా కార్యకర్త చదివి చెప్పాలి. డాక్టర్ నోటితో రెండు నిమిషాలు చెప్తే ఇంకా మంచిది. "మీ ఇష్టం" అనేది సలహా కాదు మేడం.

4. మూడో నెల లోపల ప్రతి గర్భిణికీ తలసీమియా క్యారియర్ టెస్టు. మేనరికం అయితే తప్పనిసరిగా. కర్నూలు, అనంతపురం పెద్దాస్పత్రుల్లో, కడప రిమ్స్‌లో ఇది ఉచితంగా చేయాలి, ఊర్లల్లో నుంచి శాంపిల్ పంపే ఏర్పాటు ఉండాలి. ఇది అధికారులకు. మిగతావన్నీ వదిలేసినా ఇది ఒక్కటి వదలొద్దు. మా ఇంటికి 2019లో ఈ ఒక్క టెస్టు దొరికి ఉంటే ఈ లేఖ ఉండేదే కాదు.

5. ఇంట్లో తలసీమియా, సికిల్ సెల్, అప్లాస్టిక్ అనీమియా లాంటి జబ్బు ఉన్న బిడ్డ ఉండి తల్లి మళ్ళీ గర్భంతో వస్తే, ఆ కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో రాయండి. ఆ కాన్పులో బొడ్డు రక్తం దాచడం గురించి డాక్టరే స్వయంగా చెప్పాలి, ఆ ఖర్చు పేదలకు ప్రభుత్వం భరించాలి. ఏడాదికి ఇట్లాంటి కాన్పులు జిల్లాలో ఎన్నో ఉండవు, ఖజానాకు బరువు కాదు. మజ్జ మార్పిడికి కోల్ ఇండియా డబ్బుతో 2017 నుంచి తలసీమియా బాల సేవా యోజన ఉంది, 10 లక్షల దాకా ఇస్తారు. అది ఉందని మాకు నాలుగేళ్ళకు, రక్తం ఎక్కించుకునే చోట ఇంకో పిల్లోని తండ్రి చెప్తే తెలిసింది. ప్రతి రక్తం ఎక్కించే సెంటర్‌లో గోడ మీద ఇది రాసి పెట్టండి.

6. బొడ్డుతాడు ఎన్ని నిమిషాలకు బిగించినారో ప్రతి కేస్ షీట్‌లో టైమ్ రాయాలి. రక్తం దాచుకునే కాన్పు అయినా సరే, బిడ్డకు అందాల్సింది అందిన తర్వాతే సంచి.

7. పబ్లిక్ బ్యాంకుకు దానం చేసే ఏర్పాటు కనీసం ఒక్క ప్రభుత్వ ఆస్పత్రిలో అయినా చేయగలరా లేదా పరిశీలించి చెప్పండి. ఖర్చు ఎక్కువ, ఇప్పుడు సగం మ్యాచ్‌తో తల్లిదండ్రుల మజ్జ కూడా ఎక్కిస్తాండారు కాబట్టి అవసరం తగ్గింది అంటే, ఆ మాటే రాసి ఇవ్వండి, అర్థం చేసుకుంటాం. అంతవరకు మన కాలేజీల్లో మజ్జ దాతల రిజిస్ట్రీ క్యాంపులు పెట్టించండి. చెన్నైలో దాత్రి 2009 నుంచి ఉంది, బెంగళూరులో డీకేఎంఎస్ ఉంది, బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి ఇస్తే పేరు నమోదు అవుతాది. మనవాళ్ళకు మ్యాచ్ దొరికేది ఎక్కువగా మనవాళ్ళల్లోనే, తెలుగు పేర్లు ఆ లిస్టులో ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిది.

8. తప్పుడు ప్రకటనల మీద, కట్టించుకున్న డబ్బు మీద మేమిచ్చిన అర్జీలు మళ్ళీ తెరవండి. పరిష్కారమైంది అని మెసేజ్ కాదు, ఏ అధికారి ఎవరిని విచారించినారు, ఏం తేలింది అని కాగితం మీద కావాలి. ఇట్ల డబ్బు కట్టిన వాళ్ళు ఎవరైనా ఉంటే 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపల కేసు వేయండి. మాకు ఆ రెండేళ్ళు దాటిపోయినాయి, రసీదులు, ఫోన్ మెసేజ్‌లు పారేయకుండా పెట్టుకోండి.

డాక్టర్లలో అందరూ ఒకటి కాదని నాకు తెలుసు. మా పక్కింటి అమ్మాయికి కిందటి నెల ఒక డాక్టరమ్మ, కంపెనీ ఫైల్ పక్కన పెట్టించి, "నీకు అవసరం లేదు తల్లీ, ఆ డబ్బుతో పాలు, గుడ్లు తిను, ముందు ఈ రక్త పరీక్ష చేయించుకో" అని రాసి పంపినారంట. ఆమె ఎవరో నాకు తెలీదు, ఆమెకు దండం పెడతాండా. అందరూ అట్లనే చెప్తే మేమడిగే మూడో డిమాండ్ కూడా అక్కరలేదు.

ఈ లేఖ కాపీ, పాత అర్జీల రసీదులు, సర్టిఫికెట్ జిరాక్స్, 2022 కేస్ షీట్ జిరాక్స్ అన్నీ కలిపి మూడు జిల్లాల వైద్య ఆరోగ్య శాఖ ఆఫీసులకు స్పీడ్ పోస్టులో పంపుతాండాం. జవాబు నెల లోపల రావాలి. రాకపోతే తలసీమియా పిల్లల తల్లిదండ్రులం, ఇప్పటికి పదకొండు ఇళ్ళ వాళ్ళం అయినాం, పిల్లల్ని తీసుకుని మీ ఆఫీసు ముందుకు వస్తాం. మంగళవారం మాత్రం రాము, ఆరోజు మావానికి రక్తం ఎక్కించాలి.

ఇట్లు,
ఆ పిల్లోని పెద్దమ్మ,
అనంతపురం